కార్మికుల గడప తొక్కిన కవి: జనాబ్ మఖ్దూం మొహియుద్దీన్ సాహెబ్ జీవితం



జనగామ నుంచి సూర్యాపేట పోయే తోవలో కామారెడ్డిగూడెం ఉంది. ఆ ఊరి షేక్ బందగీ పేరు మన పెద్దలందరికీ తెలుసు. 1940 ప్రాంతంలో అన్నదమ్ముల భూమి పంపకం తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్ అన్న పక్షం వహించాడు. బందగీ భయపడలేదు. ఏళ్ళ తరబడి కచేరీల చుట్టూ తిరిగి, కోర్టులో కేసు గెలిచాడు. గెలిచిన మనిషిని దారి కాచి చంపేశారు. న్యాయం ఆయన వైపే ఉంది, తీర్పు కూడా ఆయన వైపే వచ్చింది. కానీ ఆ రోజు దారిలో ఆయన పక్కన ఎవరూ లేరు.

ఈ సంచికలో నేను రాయదలచింది బందగీ గురించి కాదు. అదే కాలంలో, హైదరాబాదు నగరంలో, ఒంటరి మనిషి పక్కన పదిమందిని ఎట్లా నిలబెట్టాలా అన్న పనికే తన జీవితం ధారపోసిన ఒక మహనీయుని గురించి. ఆయన పేరు మఖ్దూం మొహియుద్దీన్. ముషాయిరాలకు పోయేవాళ్ళు ఆయనను షాయరుగా ఎరుగుదురు. పాటలు వినేవాళ్ళు 1982లో వచ్చిన బాజార్ సినిమాలోని ఆయన గజల్ ద్వారా ఎరుగుదురు. అయితే ఆయన పగటి పూట చేసిన పని యూనియన్లు కట్టడం. ఆ సంగతి మన పిల్లలకు అంతగా తెలియదు. అది తెలియజెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

బాల్యం

మఖ్దూం సాహెబ్ 1908 ఫిబ్రవరి 4న ఆందోలులో పుట్టారు. అది అప్పటి మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. తండ్రి గౌస్ మొహియుద్దీన్ గారు పిల్లవాడి చిన్నతనంలోనే కాలం చేశారు. బాబాయి బషీరుద్దీన్ గారు పెంచి పెద్ద చేశారు. ఆయన నమాజు తప్పని మనిషి, క్రమశిక్షణ గల మనిషి. పిల్లవాడు మసీదు ఊడ్చేవాడు, నీళ్ళు మోసేవాడు. ఇంట్లో భోజనాల వేళ బాబాయిగారు లోకం సంగతులు చెప్పేవారట. రష్యా అనే దేశంలో రాజూ బీదా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చొని తింటారని ఒకసారి చెప్పారట. ఆ మాట ఆ పిల్లవాడి మనసులో నాటుకుపోయిందని మఖ్దూం సాహెబ్ మిత్రులు తరువాత చెప్పుకొనేవారు. తండ్రి లేని పిల్లవాడికి ఒకే దస్తర్‌ఖాన్ అనే మాట ఎంత తీయగా వినపడి ఉంటుందో మనం ఊహించుకోవచ్చును.

1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకోసం హైదరాబాదు వచ్చారు. చేతిలో డబ్బు లేదు. మసీదులో పడుకున్న రాత్రులున్నాయి. ట్యూషన్లు చెప్పారు, పత్రికలకు రాశారు, దొరికిన పనల్లా చేశారు. అయినా నవ్వు మానలేదు. కాలేజీలో ఆయన ఉన్నచోట నలుగురు పోగయ్యేవారు. అక్కడే కవిగా పేరు వచ్చింది. బెర్నార్డ్ షా రాసిన ఒక నాటకాన్ని మిత్రుడు మీర్ హసన్‌తో కలిసి హోష్ కే నాఖూన్ అనే పేరుతో ఉర్దూలోకి మలిచారు. బీదవాళ్ళ మురికి ఇళ్ళ అద్దెల మీద బతికే పెద్దమనుషుల బండారం ఆ నాటకంలోని కథ. దానిని బట్టి ఆయన చూపు అప్పటికే ఎటు తిరిగిందో తెలుస్తుంది.

ఉద్యోగం వదిలిన రోజు

ఎం.ఏ. అయిన తరువాత సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకులయ్యారు. ఆ రోజుల్లో నిజాం సర్కారులో ఆ కొలువు సామాన్యమైనది కాదు. నెల తిరిగేసరికి జీతం, సమాజంలో గౌరవం, పిల్లనిచ్చేవాళ్ళ క్యూ! మన ఇళ్ళలో ఎవరికైనా అటువంటి నౌకరీ దొరికితే మిఠాయి పంచుతాము. మఖ్దూం సాహెబ్ 1940ల మొదట్లో ఆ నౌకరీ వదులుకున్నారు. కార్మికుల పని పూట వేరు, కాలేజీ పూట వేరు అని రెండు పడవల మీద కాళ్ళు పెట్టలేదు.

దీనికి ముందే, 1939 ప్రాంతంలో, నగరంలో కామ్రేడ్స్ అసోసియేషన్ అనే యువకుల సంఘం ఏర్పడింది. మఖ్దూంతో పాటు డాక్టరీ చదువుకున్న రాజ్ బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మీరీ, జవ్వాద్ రజ్వీ వంటివారు అందులో ఉన్నారు. హిందువులు, ముస్లిములు, ఉర్దూ వాళ్ళు, తెలుగు వాళ్ళు అన్న తేడా లేకుండా కూర్చొని చదువుకునేవారు, వాదించుకునేవారు. అయితే గదిలో కూర్చొని వాదించుకుంటే కార్మికుడి జీతం పెరగదు కదా! అందుకే వారు బయటికి వచ్చారు.

యూనియన్ ఎట్లా కట్టారు

ఆనాటి పరిస్థితి ముందు చెప్పుకోవాలి. బ్రిటిష్ ఇండియాలో 1926లోనే ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. నిజాం రాజ్యానికి అది వర్తించదు. సభ పెట్టాలంటే అనుమతి కావాలి. పైగా రెండో ప్రపంచ యుద్ధం. బియ్యం, బట్ట, కిరసనాయిలు ధరలు మండిపోయాయి, జీతం మాత్రం ఉన్నచోటే ఉంది. కార్మికులు కూడా ఒక రకం వాళ్ళు కాదు. రాజ్యంలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం నాలుగు భాషలు నడిచేవి. ఒకే కార్ఖానాలో పక్కపక్కన పనిచేసేవాళ్ళు ఒకరి పండుగకు ఒకరు పోరు, ఒకరి ఇంట ఒకరు నీళ్ళు తాగరు.

ఇటువంటి చోట మఖ్దూం సాహెబ్, ఆయన మిత్రులు బొత్తాల కార్ఖానా, సిగరెట్ల కార్ఖానా, రైల్వే, కరెంటు శాఖ వంటి చోట్ల కార్మికులను కూడగట్టడం మొదలుపెట్టారు. వారి పద్ధతిని గమనిస్తే మనకు కొన్ని సంగతులు బోధపడతాయి.

మొదటిది, కార్మికుడు తమ ఆఫీసుకు వస్తాడని వారు ఎదురుచూడలేదు. తామే కార్మికుల బస్తీలకు పోయారు. కాలేజీలో పాఠం చెప్పిన పెద్దమనిషి వచ్చి తమ చాప మీద కూర్చొని, తమ చాయ్ తాగితే, కార్మికుడికి సగం భయం అక్కడే తీరుతుంది. అతని ఇంటామె కూడా ఆ మనిషిని చూస్తుంది. సమ్మె రోజున పొయ్యి వెలగకపోతే కష్టపడేది ఆమె. ఆమెకు నమ్మకం కుదరని యూనియన్ రెండో రోజుకే చెదిరిపోతుంది.

రెండవది, పెద్ద సిద్ధాంతంతో మొదలుపెట్టలేదు. కరువు భత్యం, రేషను బియ్యం, పని గంటలు, మేస్త్రీ తిట్లు - వీటితోనే మొదలు. కార్మికుడు రోజూ పళ్ళ బిగువున భరించే చిన్న బాధను ముందు ఎత్తుకోవాలి. అది పదిమందికి ఉన్న బాధే అయి ఉంటుంది. పదిమంది కలిసి అడిగి ఒక్కటి సాధిస్తే, పదకొండోవాడు తనంతట తానే వస్తాడు.

మూడవది, భాష. ఆయన కవి. పెద్ద పెద్ద షాయరుల మధ్య కూర్చోగలిగిన కవి. అయినా గేటు ముందు నిలబడ్డప్పుడు ఆయన మాట గేటు ముందు మాటే. కార్మికులు పాడుకోగలిగిన నజ్ములు రాశారు. 1944లో సుర్ఖ్ సవేరా అనే పేరుతో ఆయన మొదటి కవితా సంపుటి వచ్చింది. అక్షరం రానివాడికి కరపత్రం ఇస్తే ఏం లాభం? అతని నోటికి పాట ఇస్తే, రాత్రి డ్యూటీలో తోటివాడికి అతనే వినిపిస్తాడు.

ఈ విధంగా ఒక్కొక్క చోట లేచిన యూనియన్లన్నీ కలిసి 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుగా ఏర్పడ్డాయి. మఖ్దూం సాహెబ్ దానికి అధ్యక్షులయ్యారు. మసీదు ఊడ్చిన పిల్లవాడు రాజ్యంలోని కార్మికులందరి సంఘానికి అధ్యక్షుడు కావడం చిన్న విషయం కాదు.

మన ప్రాంతంతో సంబంధం

హైదరాబాదు సంగతులు మనకెందుకు అని ఎవరైనా అనుకోవచ్చు. సికింద్రాబాదు నుంచి బయలుదేరిన నిజాం రైలు జనగామ మీదుగా కాజీపేటకు, అక్కడినుంచి మానుకోట మీదుగా డోర్నకల్లుకు వస్తుంది. డోర్నకల్లు నుంచి ఒక పాయ ఇల్లందు బొగ్గు గనులకు పోతుంది. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది అక్కడే. వరంగల్లులో 1934లో ఆజంజాహి మిల్లు లేచింది. అంటే రైలు పట్టా, బొగ్గు గని, బట్టల మిల్లు - కార్మికోద్యమం పాకే మూడు దారులూ మన గడపల ముందునుంచే పోయాయి. సరుకు ఏ దారిన వస్తుందో, సంఘం కబురు కూడా ఆ దారినే వస్తుంది.

పల్లెల్లోనూ అప్పుడు సంఘం లేచింది. ఆంధ్ర మహాసభ సభ్యత్వం తీసుకున్నవారికి చిన్న రుసుముకు ఒక చీటీ ఇచ్చేవారు. అందుకే దానిని మన పల్లెల్లో చీటీల సంఘం అన్నారు. దొర ముందు తలెత్తని మనిషి ఆ చీటీ కొంగున కట్టుకొని తలెత్తాడు. ఆ కాగితం ముక్కలో ఏముంది? తన వెనుక ఇంకా వందమంది దగ్గర అదే కాగితం ఉందన్న ధైర్యం ఉంది. బందగీ దగ్గర కోర్టు కాగితం ఉండినది గాని ఈ చీటీ లేదు. 1946 జూలై 4న ఇదే జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకికి బలైనప్పుడు, ఆయన ఒంటరిగా లేడు. ఊరంతా ఊరేగింపులో ఉంది. ఆ చావు తరువాత జనం ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకోలేదు, ఉద్యమం తాలూకాలు దాటి పాకింది. ఐదారేళ్ళలో వచ్చిన తేడా అది.

కష్టకాలం

1946 చివరలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. మఖ్దూం సాహెబ్ అజ్ఞాతంలోకి వెళ్ళారు. ఆ తరువాతి రెండేళ్ళు మన ముస్లిం కుటుంబాలకు ఎంత గడ్డుకాలమో పెద్దలు చెప్పగా విన్నాము. ఒకవైపు రజాకార్లు మతం పేరుతో పిలుస్తున్నారు. ఇంకొకవైపు ప్రతి ముస్లిమునూ అనుమానంగా చూసే రోజులు వస్తున్నాయి. అటువంటప్పుడు మఖ్దూం సాహెబ్ తడబడలేదు. బీద ముస్లిముకు నవాబుతో పొత్తు కాదు, పక్క మిషను మీద పనిచేసే బీద హిందువుతోనే పొత్తు అని నమ్మారు. నమ్మినదాని ప్రకారం నడిచారు. మానుకోట తాలూకా శుభ్రవేడులో పుట్టిన పాత్రికేయుడు షోయబుల్లా ఖాన్ అదే కాలంలో ఇమ్రోజ్ పత్రికలో రజాకార్లను ఎదిరించి రాసి, 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో హతులయ్యారు. ఈయన మార్గం వేరు, మఖ్దూం మార్గం వేరు. కాని మతం పేరిట మనిషిని మనిషికి దూరం చేయడాన్ని ఇద్దరూ ఒప్పుకోలేదు.

పోలీసు చర్య తరువాత కూడా ఆయన కష్టాలు తీరలేదు. సర్కారు మారింది, వారంటు మారలేదు. 1951లో పట్టుబడి జైలుకు పోయారు. నాయకులు అజ్ఞాతంలోనూ జైళ్ళలోనూ ఉన్న ఆ ఏళ్ళు యూనియన్లకు పెద్ద దెబ్బ. ఇక్కడ మనం ఒక పాఠం దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. ఎంత గొప్ప నాయకుడైనా, యూనియన్ ఆయన ఒక్కడి భుజం మీద నిలబడితే, ఆయన లేని రోజున అది వంగిపోతుంది. లెక్కల పుస్తకం, రసీదు బుక్కు, మేనేజరుతో మాట్లాడే నేర్పు అదే కార్ఖానాలో పనిచేసే నలుగురి చేతుల్లో ఉండాలి.

చట్టసభలోనూ అదే పని

జైలు నుంచి విడుదలైన తరువాత 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి హైదరాబాదు శాసనసభకు వెళ్ళారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక శాసనమండలి సభ్యులుగా, అక్కడ ప్రతిపక్ష నాయకులుగా ఉన్నారు. 1950ల్లో ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య పనిమీద వియన్నా నగరం వెళ్ళారు. అనేక దేశాలు చూశారు. ఇన్ని పదవులు వచ్చినా ఆయన ఇల్లు, ఒళ్ళు మారలేదు. రాత్రి ముషాయిరా, పొద్దున కార్మికుల మీటింగు - ఇదే ఆయన దినచర్య. 1961లో గుల్-ఎ-తర్, 1966లో బిసాత్-ఎ-రక్స్ సంపుటాలు వెలువడ్డాయి. ఈ చివరి పుస్తకానికి 1969లో సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

అదే సంవత్సరం ఆగస్టు 25న ఢిల్లీలో ఉండగా గుండెపోటు వచ్చి మరణించారు. వయస్సు అరవై ఒకటి. హైదరాబాదులో హజ్రత్ షా ఖామోష్ దర్గా ఆవరణలో ఖననం చేశారు. నగరంలోని హిమాయత్‌నగర్‌లో ఆయన పేరిట మఖ్దూం భవన్ ఉంది.

మనం నేర్చుకోవలసినది

ఆయన పార్టీ అందరికీ నచ్చాలని లేదు. మన సొసైటీలో అన్ని పార్టీల వారూ ఉన్నారు, ఉండాలి కూడా. కాని పనిచేసి బతికే కుటుంబాలు మనవి. మన మూడు జిల్లాల్లో మనవాళ్ళు ఏం చేస్తున్నారో ఒకసారి చూడండి. జనగామలో ఆటో నడుపుతున్నారు, మెకానిక్ షాపుల్లో కూలికి పనిచేస్తున్నారు. మహబూబాబాదు, కేసముద్రం మార్కెట్ యార్డుల్లో బస్తాలు మోస్తున్నారు. భూపాలపల్లిలో గనుల దగ్గర, చెల్పూరు కరెంటు ప్లాంటు దగ్గర కాంట్రాక్టరు కింద దినకూలీకి పోతున్నారు. మన ఆడపిల్లలు ఇంట్లో కూర్చొని బట్టలు కుడుతున్నారు. ఫోనులో ఆర్డరు వస్తే బండి మీద సామాను చేరవేసే కుర్రవాళ్ళు కూడా తయారయ్యారు. వీళ్ళలో ఎంతమంది దగ్గర సంఘం చీటీ ఉంది?

సింగరేణిలో 1998 నుంచి రహస్య ఓటుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు 27న కూడా ఓట్లు పడ్డాయి, ఏఐటీయూసీ గెలిచింది. ఎంతో మంచి పద్ధతి. అయితే ఆ ఓటు పర్మనెంటు కార్మికుడికే. పక్కనే అదే దుమ్ము మింగే కాంట్రాక్టు కార్మికుడికి లేదు. మఖ్దూం సాహెబ్ ఈనాడు భూపాలపల్లి వస్తే ముందు ఎవరి ఇంటికి పోయేవారు? ఓటున్నవాడి ఇంటికి పోవడానికి చాలామంది ఉన్నారు. ఆయన ఓటులేని వాడి ఇంటికే పోయి ఉండేవారని నా నమ్మకం.

చట్టం కూడా తెలుసుకొని ఉండాలి. ఇదివరకటి 1926 చట్టంలో ఉండినట్లే, 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడులోనూ ఏడుగురు కలిసి యూనియన్ రిజిస్ట్రేషనుకు దరఖాస్తు పెట్టుకునే వీలుంది. కాకపోతే ఆ సంస్థలో ఉన్నవారిలో పదోవంతు మందో, వందమందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. ఒకచోట ఒకటికంటే ఎక్కువ యూనియన్లుంటే, కొత్త కోడు ప్రకారం 51 శాతం కార్మికుల మద్దతు ఉన్నదే యాజమాన్యంతో మాట్లాడే ఏకైక సంఘం అవుతుంది. కాబట్టి ఇకముందు జెండా ఎంత ఎత్తున ఎగిరిందని కాదు, గడపగడపకూ పోయి ఎంతమందిని చేర్చారన్నదే లెక్క. ఎనభై ఏళ్ళ కిందట బస్తీల్లో తిరిగిన ఆ కవిగారి పద్ధతికి మళ్ళీ అవసరం వచ్చింది.

యూనియన్లు నడిపే మిత్రులకు ఒక మనవి. చందా వసూలుకు మాత్రమే వచ్చే మనిషిని కార్మికుడు దూరం నుంచే గుర్తుపడతాడు. పెళ్ళికి, చావుకు, ఆసుపత్రికి వచ్చినవాడినే తనవాడనుకుంటాడు. రసీదు చింపేముందు అతని బాధ వినండి. ఆడవాళ్ళతో మాట్లాడడానికి ఆడవాళ్ళనే నాయకులుగా తయారు చెయ్యండి. లెక్కలు నెలనెలా అందరి ముందూ చదవండి. చిన్నదైనా సరే, ఒక్క పని సాధించి చూపండి.

కార్మిక సోదరులకూ ఒక మాట. సంఘం ఎవరో వచ్చి కట్టిపెడతారని కూర్చోకండి. మఖ్దూం వంటి మనిషి మళ్ళీ ఆందోలులోనే పుట్టాలని లేదు. మన బస్తీలో, మన గల్లీలో, ఈ రోజు ఈ సంచిక చదువుతున్న ఇంట్లోనే ఉండవచ్చు. కామారెడ్డిగూడెం దారిలో ఒంటరిగా నడిచిన బందగీకి దక్కని తోడు, మన పిల్లలకైనా దక్కాలి. పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి నడవడం మొదలుపెడితే ఆ తోడు దొరికినట్లే.